ఇద్దరు కూర్చునే కుర్చీ

అమెరికా పడమటి కొండల్లో స్కీయింగ్ సీజన్ అక్టోబరు చివరనో నవంబరులోనో మొదలై, బాగా ఎత్తయిన చోట్ల మే దాటి జూన్ దాకా సాగుతుంది. ఈ ఆరేడు నెలలూ ఒకే కొండను పట్టుకుని వేలాడకుండా నాలుగైదు చోట్ల తిరిగి రావడం అక్కడి ఉద్యోగస్తుల జంటలకు అలవాటైంది. డెన్వర్‌లో కాపురముంటున్న ఒక తెలుగు జంట ఈసారి నవంబరులో అరాపహో బేసిన్, డిసెంబరులో వింటర్ పార్క్, జనవరిలో ఆల్టా, ఫిబ్రవరిలో జాక్సన్ హోల్, మార్చిలో మామత్ చూసి, మే నెలలో మళ్లీ అరాపహో బేసిన్‌కే చేరింది. సీజన్ అయిపోగానే ఫోన్‌లోని యాప్ ఇద్దరికీ విడివిడిగా పద్దు అప్పజెప్పింది. ఎన్ని రోజులు, ఎన్ని లిఫ్టులు, ఎన్ని వేల అడుగుల దిగుడు, ఎంత వేగం. రోజులు ఇద్దరికీ 21. దిగిన అడుగుల్లో మాత్రం భర్తది భార్య లెక్కలో సగం. కలిసి వెళ్లి కలిసి వచ్చినవాళ్లకు ఇలా వేరుపడిన అన్నదమ్ముల్లా పద్దులు పంచడం ఈ వారం ఈ కాలమ్‌కు చిరాకు తెప్పించిన సంగతి.

ఈ తిరుగుళ్లకు మూలం సీజన్ పాస్. వెయిల్ రిసార్ట్స్ 2008లో ఎపిక్ పాస్ పెట్టింది; దానికి పోటీగా 2018లో ఐకాన్ పాస్ వచ్చింది. పై ఐదు కొండలూ ఐకాన్ పాస్‌తో తిరగగలిగినవే. మనిషికి 1,300 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. పాస్ లేనివారు అప్పటికప్పుడు కొనే ఒక్కరోజు టికెట్టు పెద్ద రిసార్టుల్లో రద్దీ రోజున 300 డాలర్లు దాటుతోంది. ఐదు రోజులు వెళ్తే పాస్ డబ్బు గిట్టినట్టే, ఆరో రోజు నుంచి అంతా ఉచితమన్న లెక్క జనాన్ని కొండల మీదికి తోలుతుంది. శనివారం తెల్లవారకముందే డెన్వర్ నుంచి పడమటికి ఐ-70 రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. బఫే భోజనం మీద ఈ కాలమ్‌కున్న కోపం పాఠకులకు పాతదే. డబ్బు కట్టాం కదా అని పళ్లెం నిండా వడ్డించుకుని, నిలబడి, దేని రుచీ తెలియకుండా తిని పోవడం. ఆ బఫేయే కొండెక్కితే పాస్ అవుతుంది. బంతిలో కూర్చుంటే విస్తరి ముందు ఉన్నంతసేపూ పక్కన ఒక మనిషి ఉంటాడు.

కొండ మారినప్పుడల్లా మారేది ముందు మంచు. తెలుగులో పొద్దున పొలం మీద కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిలో చలికాలం పేరుకునేదీ మంచే. ఆ ఒక్క మాటతో స్కీయింగ్ నేర్చుకోబోతే చిక్కే. నవంబరులో అరాపహో బేసిన్ మీద ఉండేది చాలావరకు యంత్రం కురిపించింది. గాలిలో చలితో పాటు పొడిదనం కూడా ఉన్నప్పుడు నీటిని గాలి ఒత్తిడితో చిమ్మితే గింజలుగా రాలుతుంది. చుట్టూ గోధుమరంగు కొండ, మధ్యలో ఆరేసిన తెల్లపంచెలా ఒక్క వాలు. ఆల్టాలో కొత్తగా పడిన మంచును కరిగిస్తే అందులో నీరు 8, 9 శాతమే. ఊదితే లేచిపోయే పొడి. కాలిఫోర్నియా సియెర్రా పర్వతాల్లోని మామత్‌లో పసిఫిక్ తేమ నేరుగా తగులుతుంది కాబట్టి 12 శాతం దాటుతుంది. దాన్ని అక్కడివాళ్లు సియెర్రా సిమెంటు అంటారు. జనవరిలో ఆల్టా పొడిలో మోకాళ్లు కదిపిన తీరు మార్చిలో మామత్‌లో కదిపితే స్కీ ఉన్నచోటే పాతుకుని మనిషి ముందుకు పడతాడు.

రంగులూ అంతే. పచ్చ వృత్తం తేలిక, నీలి చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. 1960లలో కుదిరిన ఈ గుర్తులు ఉత్తర అమెరికా అంతటా కనిపిస్తాయి గానీ, ఒక కొండ నీలానికి మరో కొండ నీలంతో పోలిక లేదు. ప్రతి రిసార్టూ తన వాలుల్ని తనలో తానే పోల్చుకుని రంగు వేస్తుంది. వింటర్ పార్క్‌లో నీలం మీద ధీమాగా దిగిన మనిషి జాక్సన్ హోల్ నీలం ముందు ఆగి కిందికి చూస్తాడు. మన ఊళ్లలో హోటలు మారితే కారం మారినట్టే. ఒక చోట తిన్న ధైర్యం ఇంకో చోట పనికిరాదు. యాప్ మాత్రం రెండు నీలాల్నీ ఒకే గడిలో వేసి కూడుతుంది.

జంటలో ఒకరికి బాగా వచ్చి మరొకరికి రాకపోతే, వచ్చినవారు రానివారికి నేర్పబోవడం ఈ ఆటలో మొదటి పొరపాటు. భర్త భార్యకు కారు నేర్పిన ఇళ్లలో ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. స్కీ ముందు కొనలు దగ్గరకు చేర్చి, మడమలు దూరంగా తోసి వేగం తగ్గించే పద్ధతి పిల్లలు పావుగంటలో పడతారు, పెద్దలకు భయం అడ్డొస్తుంది. ఆ భయం ముందు జీవిత భాగస్వామి నిలబడి సలహాలు చెప్పడం కంటే, డబ్బు తీసుకుని ఓపిక పట్టే ట్రైనర్ మేలు. స్కీలు మార్చుకోవడం కూడా కూడదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అట్ట పొడవు, ఆడే తీరు చూసి బిగిస్తారు. ఒకరికి సరిపోయిన బిగింపు ఇంకొకరి మోకాలిని విరగ్గొట్టగలదు.

ఇద్దరినీ సమానం చేసేది కొండ మీద ఒక్కటే ఉంది, లిఫ్టు. దాని పుట్టుక అరటిపండ్ల దగ్గర. యూనియన్ పసిఫిక్ రైల్వే అధిపతి ఆవెరెల్ హారిమన్ చలికాలంలో రైళ్లకు ప్రయాణికులు కావాలని ఐడహోలో సన్ వ్యాలీ అనే రిసార్టు కట్టించాడు. జనాన్ని కొండ పైకి చేర్చడం ఎలా అన్న ప్రశ్న ఒమాహాలోని రైల్వే ఇంజనీర్ల ముందుకు వచ్చింది. వారిలో జిమ్ కరన్ అంతకుముందు ఉష్ణదేశాల రేవుల్లో అరటి గెలలను ఓడల్లోకి ఎక్కించే యంత్రాల మీద పనిచేసినవాడు. నిలువకుండా తిరిగే తీగకు కొక్కేలు, కొక్కేనికో గెల. అతను కొక్కెం తీసి కుర్చీ పెట్టాడు. మనిషి ఎంత వేగంలో కుర్చీ ఎక్కగలడో తేల్చడానికి లారీకి పక్కగా ఒక కుర్చీ బిగించి, రోలర్ స్కేట్లు వేసుకుని నిలబడ్డ మనుషుల్ని వెనకనుంచి వచ్చి ఎత్తుకునేలా నడిపి చూశారు. వేసవిలో, మంచు అన్నదే లేని ఒమాహాలో. 1936 డిసెంబరులో సన్ వ్యాలీలో ఆ కుర్చీలు కదిలాయి. అవి ఒక్కరు కూర్చునేవి. భార్యాభర్తలు ఒకే తీగ మీద ఒకరి వెనక ఒకరు, ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ వెళ్లవలసిందే. ఇద్దరు పక్కపక్కన కూర్చునే కుర్చీలు 1940ల చివర్లో వచ్చాయి. 1981లో బ్రెకెన్‌రిడ్జ్‌లో కొత్తరకం నలుగురి కుర్చీ వచ్చింది. ఎక్కే చోట తీగను వదిలి నెమ్మదించి, ఆ తర్వాత తీగను మళ్లీ పట్టుకుని పరుగెత్తుతుంది. తీగకు శాశ్వతంగా బిగించిన పాత కుర్చీ సెకనుకు రెండున్నర మీటర్లు పోతే, ఇది ఐదు మీటర్లు. వేగం రెట్టింపైంది, మాట్లాడుకునే సమయం సగమైంది.

స్కీయింగ్ రోజులో జారే సమయం తక్కువ. మాదిరి వాలు దిగడానికి నాలుగైదు నిమిషాలు, తిరిగి పైకి వెళ్లడానికి ఎనిమిదో పదో, వరసలో నిలబడితే ఇంకొన్ని. వేగంగా దిగే భార్య నల్ల వజ్రం మీదుగా, నెమ్మదిగా దిగే భర్త పచ్చ వృత్తం మీదుగా వచ్చినా, కింద లిఫ్టు దగ్గర కలిసి ఒకే కుర్చీలో ఒకే వేగంతో పైకి పోతారు. కొండ మీద బంతిభోజనం అదే. వరసగా కూర్చోవాలి, మధ్యలో లేవడానికి లేదు, ఫోన్ తీయాలంటే గ్లవుజు విప్పాలి, విప్పితే వేళ్లు కొంకర్లు పోతాయి. కనుక మాట్లాడుకుంటారు.

దిగేటప్పుడు ఎవరి దారి వారిదే అన్న పద్ధతికి అడవిలో చెల్లుబాటు లేదు. దేవదారుజాతి చెట్ల కింది కొమ్మలు మంచును ఆపేయడంతో మొదలు చుట్టూ బోలుగా బావిలాంటి గొయ్యి మిగులుతుంది. తలకిందులుగా అందులో పడినవారు ఒంటరిగా బయటపడడం దాదాపు అసాధ్యం. కొత్త మంచు పడిన రోజున చెట్ల మధ్య దిగే ఇద్దరూ ఒకరికొకరు కనిపించే దూరంలోనే ఉండాలి.

ఆల్టాకు వెళ్లే లోయలో హిమపాతం ముప్పు ఎక్కువైతే ఇంటర్‌లాడ్జ్ ప్రకటిస్తారు. రోడ్డు మూసేస్తారు, లిఫ్టులు ఆగిపోతాయి, బస చేసిన భవనం గడప దాటడం చట్టరీత్యా నేరం. 2021 ఫిబ్రవరిలో ఇది దాదాపు 60 గంటలు సాగింది. ఈ జంటకు జనవరిలో ఒక పూట దక్కింది. యాప్‌లో ఆ పూట సున్నా.

ఇక పాస్ మీద ఈ కాలమ్ కోపం నిలబడని చోటు ఒకటుంది. రోజు టికెట్టు కొన్న కాలంలో మధ్యాహ్నానికే కాళ్లు పట్టేసినా, డబ్బు దండగవుతుందని సాయంత్రం నాలుగింటికి లిఫ్టు ఆగేదాకా లాగేవారు. ఆ అలసటలో దెబ్బలు తగలడం తేలిక. పాస్ ఉన్న భర్త రెండు గంటలు దిగి, చాలనుకుని, కింద వేడి చాక్లెట్ పట్టుకుని కూర్చోగలడు. భార్య మరో మూడు గంటలు తన నల్ల వజ్రాల మీద గడపగలదు. వడ్డించుకున్నది వదిలేసి లేవనిచ్చే బఫే ఇదొక్కటే. ఆ సగం లెక్క రావడానికి కారణం పాస్ ఇచ్చిన ఈ వెసులుబాటే. పద్దు తప్పు కాదు, ఈ కాలమ్ చిరాకే తొందరపాటు.

మే నెలలో అరాపహో బేసిన్ మిట్ట మధ్యాహ్నానికి కరిగి ముద్దవుతుంది. అడుగు భాగమే 10,780 అడుగుల ఎత్తు, తిరుమల కొండకు మూడింతలకు పైమాట. పార్కింగ్ స్థలంలో జనం కుర్చీలు వేసుకుని మాంసం కాల్చుకుంటారు. అక్కడి పల్లవిచీని లిఫ్టు పాతబడి 2020లో కొత్తది వేయవలసి వచ్చినప్పుడు, వాలు మీద రద్దీ పెరగకూడదని మళ్లీ ఇద్దరి కుర్చీయే, నిదానంగా నడిచేదే పెట్టారు. దాని కింద ఉన్నవి ఎక్కువగా నల్ల వజ్రాలు. భార్య దాన్ని ఏడుసార్లు ఎక్కింది, పక్క సీటులో ప్రతిసారీ ఎవరో ఒక కొత్త మనిషి.