గొర్రె, బర్రె, పెర్రో

ఆదివారం పొద్దున ఏడింటికి మా ఇంట్లో స్పానిష్ క్లాసు మొదలవుతుంది. ఇల్లు వనపర్తిలో. చెప్పేది టెక్సాస్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్న నా మనుమరాలు. అక్కడ అప్పటికి శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అన్నం తిని, పుస్తకం ముందేసుకుని వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తుంది. ఇక్కడ నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని నోటుబుక్కు తెరుస్తాను.

టెక్సాస్‌లో హైస్కూలు చదువు పూర్తి కావాలంటే, మామూలుగా ఇంగ్లీషు కాక మరో భాష రెండేళ్లు చదవాలి. అమెరికా బడుల్లో ఎక్కువమంది పిల్లలు తీసుకునేది స్పానిషే. మనవాళ్ల పిల్లలూ చాలామంది అదే తీసుకుంటారు. నేను ముప్పై రెండేళ్లు హిందీ పండితుణ్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇప్పుడు మూడు జిల్లాలు గానీ 2016 అక్టోబరు దాకా ఒకే పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా. ఆ మూడు దిక్కులా సర్కారు బళ్లలో ఆరో తరగతి పిల్లలచేత హిందీ అక్షరాలు దిద్దించాను. కొత్త భాషలో మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాల్లో చూశాను. నా నాలుక మీద మళ్లీ చూసుకుంటున్నది మాత్రం ఇప్పుడే, అరవై రెండేళ్ల వయసులో.

మొదటి నెలలోనే ఒక రోజు మనుమరాలు ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"తాతా, నాకిది అర్థమైతలేదు."

మామిడిపండు ఇష్టమని చెప్పడానికి స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ మాంగో' అంటారు. వాళ్ల క్లాసులో చాలామంది 'యో గుస్తో' అని రాశారట, అన్నిటికీ ఎర్ర గీతలు పడ్డాయట. 'యో' అంటే నేను. ఇంగ్లీషులో 'ఐ లైక్' అంటారు కాబట్టి ఇక్కడా 'నేను'తోనే మొదలుపెట్టారు పిల్లలు.

"ఇంగ్లీషు పక్కకు పెట్టు బిడ్డా. అవ్వ నీకు మామిడిపండు కోసి పెట్టింది. ఎట్లుందే అంటే ఏమంటవ్?"

"నచ్చింది అంట."

"ఎవరికి?"

"నాకు."

"రెండు పండ్లు పెడితే?"

"నాకు నచ్చినయ్."

"మరి మాట ఎవరి కోసం మారింది? నీ కోసమా, పండ్ల కోసమా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత పెన్ను గీకుతున్న శబ్దం వినిపించింది. 'మె' అంటే నాకు. పండు ఒకటైతే 'గుస్తా', ఎక్కువైతే 'గుస్తాన్'. నచ్చింది, నచ్చినయ్. ఇంగ్లీషు తప్ప మరో భాష ఎరుగని పిల్లలు నెలల తరబడి తంటాలు పడే ముడి అది. మా పిల్లకు నాలుగు మాటల్లో విడిపోయింది. ఎందుకంటే ఆ వాక్యం వాళ్లింట్లో రోజూ తెలుగులో పలుకుతూనే ఉంది. ఆ 'మాంగో' అన్న మాట కూడా దక్షిణాది 'మాంగా'యే. పోర్చుగీసు ఓడలెక్కి లోకం తిరిగింది.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. స్పానిష్‌లో ఏది అడ్డుపడినా ముందు తెలుగులో వెతకాలి. దొరకకపోతే నా హిందీలో, అక్కడా లేకపోతే ఆమె ఇంగ్లీషులో.

తెలుగులో దొరికినవి ఎన్నో! స్పానిష్‌లో 'ఉండటా'నికి రెండు క్రియలున్నాయి, సేర్, ఎస్తార్ అని. ఎక్కడ ఏది వాడాలన్నది మొదటి ఏడాది పిల్లలను ఏడిపించే పాఠం. మనం 'నేను టీచర్ను' అంటాం, క్రియే అక్కర్లేదు. 'నేను వనపర్తిలో ఉన్నాను' అంటే మాత్రం 'ఉండు' రావాలి. మొదటిదానికి 'సోయ్', రెండోదానికి 'ఎస్తోయ్'. 'ఆమె అందగత్తె' అంటే ఎప్పటికీ ఉన్న సంగతి. 'ఆమె అందంగా ఉంది' అంటే ఇవాళ చీర కట్టుకుని కనిపించిన తీరు. స్పానిష్ అక్కడా రెండు క్రియలు వాడుతుంది, మనలాగే విడదీస్తుంది. తెలుగు మాట్లాడే మనిషి ఈ తేడాను రోజుకు వందసార్లు పాటిస్తాడు, పాటిస్తున్నానని తెలియకుండానే.

'నేను' అనే మాట వదిలేసినా నష్టం లేదు. 'మాట్లాడతాను' అంటే ఎవరో తెలిసిపోతుంది. వాళ్లకు 'ఆబ్లో'. మాట్లాడతావు, ఆబ్లాస్. మాట్లాడతాము, ఆబ్లామోస్. ఆ చివరి మకారం రెండు భాషల్లోనూ ఉండటం కాకతాళీయమే, చుట్టరికం ఏమీ లేదు. అయినా గుర్తుపెట్టుకోవడానికి అదే చాలు. ఈ వరుసను పైకి పాడుకుంటూ నేర్చుకోమన్నాను. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు తెచ్చిన పండితులు సంస్కృతంలోకి అడుగుపెట్టింది శబ్దమంజరి వల్లించే కదా. వల్లె వేయడాన్ని ఈ కాలంలో చిన్నచూపు చూస్తున్నారు. మాటల అర్థాలు బట్టీ కొడితే లాభం లేదు, నిజమే. క్రియల చివరలు మాత్రం నోటికి అలవాటు కావలసిందే. ఆలోచించి పలికేలోపు ఎదుటి మనిషి వెళ్లిపోతాడు.

ఇక 'ర' సంగతి. స్పానిష్‌లో 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. రెండో దాంట్లో నాలుక అంగిలి ముందు భాగాన టపటపా కొట్టుకోవాలి. అమెరికా యాసలో ఆ కదలికే లేదు. మా మనుమరాలికి బడి మాటంతా ఆ యాసే కాబట్టి రెండూ ఒక్కలాగే వస్తున్నాయి.

"గొర్రె అను."

"గొర్రె."

"బర్రె. గుర్రం. జొర్రు."

"జొర్రు అంటే?"

"దూరు అని. మీ అవ్వను అడుగు, గొర్రెపిల్ల దొడ్లె జొర్రింది అంటది. ఇప్పుడు గొర్రె, బర్రె, పెర్రో అను."

వచ్చింది. నేను తెర మీద చూస్తూనే ఉన్నాను. ముందు కనుబొమలు లేచాయి, తర్వాత నవ్వు. తన నాలుక తనకు తెలియని పని చేసినందుకు ఆశ్చర్యం. గొర్రె, బర్రె, పెర్రో అని గదంతా తిరిగింది. నాగర్‌కర్నూల్ దిక్కు మందలు తోలుకుపోయే కురుమ పిల్లగాడిని ఆ క్లాసులో కూర్చోబెడితే మొదటి రోజే టీచరు మెచ్చుకునే నాలుక అది. వాడి దగ్గర ఉన్నది ఒక విద్య అని వాడికి ఎవరూ చెప్పలేదు.

అలాగే 'త', 'ద'. స్పానిష్ 'తోదో' అంటే అంతా. మన తాతలోని తకారం, మన దోసలోని దకారమే కాస్త మెత్తగా. ఇంగ్లీషు 'ట', 'డ' పెట్టి పలికితే చెవికి గుచ్చుకుంటుంది. ఎన్ అక్షరం నెత్తిన చిన్న అల ఉన్న అక్షరం ఒకటుంది, దాని పలుకు మన ఞ. తెలుగు వర్ణమాలలో ఎందుకుందో తెలియకుండా దిద్దే ఆ అక్షరానికి అక్కడ రోజూ పని. స్పానిష్‌లో సంవత్సరం అనే మాటలోనే ఉంది.

గొంతులోంచి వచ్చే స్పానిష్ 'ఖ' దగ్గర మా నాయిన గుర్తొచ్చాడు. నిజాం కాలంలో నాగర్‌కర్నూల్ బడిలో ఆయన ఉర్దూలో చదువుకున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా అప్పట్లో చదువు ఉర్దూలోనే. 'ఖబర్', 'ఖర్చు' అనేటప్పుడు ఆయన ఖకారం గొంతు లోపలినుంచి గరగరమంటూ వచ్చేది. స్పానిష్‌లో నారింజను 'నరాంఖా' అంటారు, ఆ ఖకారం సరిగ్గా నాయినదే. ఆ మాట కూడా ఇక్కడిదే. మన నారంగం పారశీకం మీదుగా అరబ్బీలోకి పోయింది. 711లో అరబ్బులు స్పెయిన్‌లో అడుగుపెట్టిన తర్వాత అక్కడ ఇంటిమాట అయింది. 'అసూకర్' అంటే చక్కెర. శర్కర అదే దారిన నడిచిపోయింది. అటునుంచి ఇటు వచ్చినవీ తక్కువేం కాదు. వనపర్తి మార్కెట్ యార్డులో కుప్పలు పోసే పల్లికాయ, గద్వాల చేలల్లో పండే మిరప, రెండూ స్పెయిన్ ఏలిన అమెరికా నేలల పంటలే.

నాయిన ఉర్దూ బాగా నేర్చుకున్నాడు. పహాణీలు, పట్టాలు చదివి ఊరందరికీ చెప్పేవాడు. అయితే ఆ బడి తెలుగును గుమ్మం బయట వదిలి రమ్మంది. నైజాంలో తెలుగు కవులే లేరన్న మాట కూడా పుట్టింది ఆ రోజుల్లోనే. గద్వాల ప్రాంతపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి దానికి జవాబిచ్చారు. కొత్త భాషను ఇంటిభాష మీద నిలబెట్టాలే గాని, ఇంటిభాషను తోసి ఆ చోట కూర్చోబెట్టకూడదు. నాయినకు ఆ బాధ తెలుసు. నాకు తెలిసి ఉండాల్సింది.

ఎందుకంటే నేనూ అదే చేశాను. పదో తరగతిలో మిగతా పేపర్లకు 35 మార్కులు కావాలి, హిందీకి 20 వస్తే పాస్. ఆ ఇరవై కోసం పిల్లలకు రాయడం నేర్పాను. మాట్లాడించలేదు. గద్వాల దగ్గర ఒక బడిలో ఏడో తరగతి పిల్లవాడు లేచి, 'గాడీ ఆతీ హై' అన్న వాక్యం చూపించి అడిగాడు.

"సార్, రైలుబండి ఆడదని వాళ్లకు ఎవరు జెప్పిండ్రు?"

"అట్లే ఉంటది, రాసుకో" అన్నాను.

వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్లీ ఏమీ అడగలేదు. స్పానిష్‌లో బల్ల స్త్రీలింగం, రోజు పుంలింగం అని మనుమరాలు విసుక్కున్నప్పుడు వాడికి ఇవ్వాల్సిన జవాబు తట్టింది. నాయిన వచ్చిండు. అమ్మ వచ్చింది. బండి వచ్చింది. మన తెలుగు కూడా బండిని అమ్మ పక్కనే కూర్చోబెట్టింది కదరా, హిందీ చేసిన వింత ఏముంది? ఇంత దగ్గర్లో ఉన్న జవాబు నాకు అందడానికి పాతికేళ్లు పట్టింది. మనుమరాలికి మాత్రం చెప్పాను. ప్రతి మాటనూ దాని ముందుండే 'ఎల్', 'లా'తో కలిపి నేర్చుకోమన్నాను, మనిషిని ఇంటిపేరుతో సహా గుర్తుపెట్టుకున్నట్టు.

2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాలల్లో నేర్పదగిన విదేశీ భాషల్లో స్పానిష్ పేరు కూడా రాసింది. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఇప్పటికే నేర్పుతున్నారు. మా వైపు బళ్లలోకి రావాలని నా కోరిక. ఇరవైకి పైగా దేశాలవాళ్లు మాట్లాడే భాష, మన పిల్లల నోటికి ఇంత అనువైన భాష. అయితే నేను హిందీ నేర్పినట్టు మాత్రం నేర్పొద్దు. మొదటి నెలంతా పలకా బలపం ముట్టకుండా 'నాకు నచ్చింది, నాకు నచ్చినయ్' అని మాట్లాడించండి.

మొన్న ఒక సందేహం వచ్చింది. పెద్దవాళ్లను 'ఉస్తెద్' అనాలని పుస్తకంలో ఉంది. మీరు, తమరు లాంటి మాట.

"తాతా, నిన్ను ఉస్తెద్ అనాల్నా?"

పాలమూరులో తాతను ఎవరూ మీరు అనరు. అలా అన్నారంటే ఏదో అలకొచ్చిందని లెక్క.

"టీచర్ను ఉస్తెద్ అను. నన్ను 'తూ' అను చాలు" అన్నాను.

పోయిన వారం వాళ్లకు మాట్లాడే పరీక్ష. ఇంట్లో ఒకరి గురించి మూడు వాక్యాలు చెప్పాలి. రికార్డు చేసి నాకూ పంపింది. చాయ్ చల్లారిపోయేదాకా విన్నాను. మీ అబుఎలో ఎస్ మాఎస్త్రో. మా తాత టీచరు. ఎస్తా ఎన్ వనపర్తి. వనపర్తిలో ఉన్నాడు. మూడో వాక్యం దగ్గర కొంచెం ఆగింది, ఊపిరి పీల్చుకున్నది వినిపించింది. కొల్లాపూర్ మామిడిపండ్లంటే ఆయనకు ఇష్టమని చెప్పబోతోంది. లె గుస్తాన్, అంది.

చివరి 'న్' స్పష్టంగా పలికింది.