పేరు తెలియనివాడికి అమ్మే కొట్టు

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు ఒకటీ రెండూ లెక్కన విడిగా దొరికే కొట్లకు పేరుపడ్డ వీధులివి. రద్దీ ఇప్పటికీ తగ్గలేదు. కాకపోతే ఆ రద్దీలో ఎక్కువ పాలు సీసీటీవీ కెమెరాలది, ఛార్జర్లది, మొబైల్ సామాన్లది. చిన్న చిన్న సొరుగుల నిండా పార్టులు పెట్టుకుని, అడిగినవాడితో మాట్లాడి ఇచ్చే కౌంటర్లు తగ్గిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో చౌకగా, ఇంటికే వస్తుంటే ఆ కొట్లు ఎందుకు అనేవాళ్ళున్నారు. పాత రోజులు పోయాయని దిగులుపడేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరూ ఆ కొట్టు అమ్మే సరుకు పార్టే అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. తనకేం కావాలో ఇంకా పేరు పెట్టి చెప్పలేనివాడికి సైతం అమ్మగలగడం ఆ కొట్టు అసలు పని. ఎలక్ట్రానిక్స్ హాబీలోకి కొత్తగా వచ్చే ప్రతివాడూ పేరు తెలియనివాడే. అందుకే ఈ కొట్లు మూతపడితే మనకు తగ్గేది సరుకు కాదు, ఈ విద్యలోకి వచ్చేవాళ్ళ సంఖ్య.

ఉబ్బిన కెపాసిటర్ సంగతే తీసుకుందాం. పాత మానిటరో సెట్‌టాప్ బాక్సో పనిచేయడం మానేసింది. మూత విప్పి చూస్తే పవర్ సప్లై బోర్డు మీద ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంటుంది. దాని ఒంటి మీద 1000 మైక్రోఫారడ్లు, 10 వోల్టులు అని రాసి ఉంటుంది. కొత్తవాడు ఫోన్‌లో ఆ రెండు అంకెలూ కొట్టి, కనిపించినవాటిలో చౌకది తెప్పించుకుంటాడు. బిగిస్తే పెట్టె వెలుగుతుంది, కొన్ని నెలలకు మళ్ళీ ఆరిపోతుంది. అదే ఉబ్బిన పార్టును అనుభవమున్న కౌంటర్ మీద పెడితే ధర చెప్పేముందు ఒక ప్రశ్న వస్తుంది: ‘ఎస్‌ఎంపీఎస్‌లోదా, ఆంప్లిఫయర్‌లోదా?’ ఎస్‌ఎంపీఎస్‌లో సెకనుకు వేలాది సార్లు తెగి అతుక్కునే కరెంటును ఆ కెపాసిటర్ భరించాలి. దానికి లోపలి నిరోధం తక్కువగా ఉండే లో ఈఎస్‌ఆర్ రకం కావాలి. 85 డిగ్రీలది చాలదు, 105 డిగ్రీల వేడిని తట్టుకునేది కావాలి. వోల్టేజీ 10 బదులు 16 ఉన్నా నష్టం లేదు, తగ్గితేనే ప్రమాదం. పక్కనున్న హీట్‌సింక్‌కు తగలకుండా లావూ ఎత్తూ సరిపోవాలి. ఈ మాటలకు పట్టేది ఒక్క నిమిషం, పార్టు ఖరీదు ఏ పదో ఇరవయ్యో రూపాయలు. కెపాసిటర్‌ను రెండు అంకెలతో ఎంచకూడదని, దానికి మరో నాలుగు గుణాలున్నాయని ఆ నిమిషంలోనే తెలిసింది. ఆ తెలివిడికి బిల్లులో ఎక్కడా పద్దు ఉండదు.

పార్టు లేనప్పుడు ఇంకా పెద్ద పాఠం దొరుకుతుంది. 1ఎన్4001 డయోడ్ అడిగితే చాలా చోట్ల 1ఎన్4007 చేతిలో పెడతారు. రెండింటికీ కరెంటు పరిమితి ఒక ఆంపియరే. ఎదురు వోల్టేజీని మొదటిది 50 వరకు, రెండోది 1000 వరకు ఆపుతుంది. కాబట్టి చిన్నదాని చోట పెద్దది నడుస్తుంది, పెద్దదాని చోట చిన్నది నడవదు. బీసీ547 ట్రాన్సిస్టర్ అయిపోతే 2ఎన్2222 తీసుకోమంటారు, ‘కాళ్ళు తిప్పి పెట్టుకో’ అని ఒక మాట కలుపుతారు. ప్లాస్టిక్ తొడుగులో వచ్చే ఆ రకాల్లో సాధారణంగా కలెక్టర్, ఎమిటర్ కాళ్ళు అటుదిటుగా ఉంటాయి. నడపాల్సింది రిలే అయితే 100 మిల్లీఆంపియర్లకే పరిమితమైన బీసీ547 కన్నా రెండోదే నయమని కూడా అక్కడే తెలుస్తుంది. మన పాలిటెక్నిక్, డిగ్రీ ల్యాబ్ పుస్తకాల్లో తరాలుగా కనిపించే ఎస్‌ఎల్100 అచ్చంగా మన దేశపు ట్రాన్సిస్టర్. విదేశీ కేటలాగుల్లో దాని పేరు సాధారణంగా కనిపించదు. దాని బదులు ఏది పెట్టాలో తెలియాలంటే సర్క్యూట్‌లో అది చేసే పనేమిటో ముందు తెలియాలి. ఏది దేనికి బదులు నిలుస్తుందో, ఎందుకు నిలుస్తుందో అర్థం కావడమే ఎలక్ట్రానిక్స్‌లో సగం చదువు. ఆ చదువు పార్టు దొరకనప్పుడే మొదలవుతుంది. అన్నీ దొరికే చోట అది మొదలు కావడానికి కారణమే ఉండదు.

ఆన్‌లైన్‌లోని వెతుకులాట పెట్టె మాత్రం పేరు అడుగుతుంది. పేరు సరిగ్గా ఇచ్చినవాడికి అద్భుతంగా పనిచేస్తుంది, కోఠిలో ఎన్నడూ దొరకని సెన్సర్ కూడా నాలుగు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది. పేరు తప్పో, సగమో, అసలు తెలియకో వచ్చినవాడికి వందల బొమ్మలు చూపిస్తుంది, వాటిలో తేడా మాత్రం చెప్పదు. పైగా పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో ఆ బొమ్మల కింద రాసినదాన్ని పరీక్షించే బాధ్యత ఎవరిదో తేలదు. 18650 సైజు లిథియం బ్యాటరీనే చూడండి. మంచి కంపెనీలు చేసేవి మామూలుగా 3500 మిల్లీఆంపియర్ అవర్ల దగ్గర ఆగుతాయి. అదే సైజు మీద 9900 అని అచ్చువేసినవి ఆన్‌లైన్‌లో ఏళ్ళ తరబడి అమ్ముడుపోతున్నాయి. అంత శక్తి ఆ డబ్బాలో పట్టదు. ఈ సంగతి తెలిసినవాడు దాని జోలికి పోడు. తెలియనివాడు కొని, తన సర్క్యూటే తప్పనుకుని, విసుగొచ్చి పక్కన పడేస్తాడు. మోసంలో పోయిన డబ్బు కన్నా ఆ విసుగు చేసే నష్టం ఎక్కువ. నకిలీలు గల్లీ కొట్లలోనూ ఉన్నాయి, కాదనను. అయితే గల్లీలో అమ్మిన మనిషి రేపు కూడా అక్కడే కూర్చుంటాడు, మాడిన పార్టు తీసుకెళ్ళి అడగవచ్చు.

నేరమంతా ఆన్‌లైన్ మీద మోపడం మాత్రం న్యాయం కాదు. ఈ కొట్లను హాబీ వాళ్ళు ఏనాడూ పోషించలేదు. పోషించింది టీవీ, రేడియో మెకానిక్కులు. పిక్చర్ ట్యూబ్ టీవీల కాలంలో ఊరికో మెకానిక్ ఉండేవాడు. ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్లు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు సంచులకొద్దీ కొనేవాడు. ఆ వ్యాపారం నీడలోనే ఓ విద్యార్థి రెండు రెసిస్టర్లు అడిగినా కొట్టుకు గిట్టుబాటయ్యేది. టీవీలు పలచబడ్డాక పాడైన పార్టు బదులు బోర్డు మొత్తం మార్చడం పద్ధతైంది. బోర్డు మీది పార్టులు కంటికి ఆనని సైజుకు కుదించుకుపోయాయి. మెకానిక్ తగ్గాడు, దాంతో కొట్టు పునాది కదిలింది. అమెరికాలోనూ కథ ఇంచుమించు ఇదే. 1921లో బోస్టన్‌లో మొదలైన రేడియోషాక్ 2015 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసేనాటికి అక్కడ దానికి దాదాపు 4 వేల దుకాణాలున్నాయి. కానీ వాటిలో విడిభాగాల అరలు అప్పటికి చాలా ఏళ్ళ ముందే చిక్కిపోయి మొబైల్ ఫోన్ల అమ్మకాలకు చోటిచ్చాయి. ఎవరికోసం పుట్టిందో వాళ్ళకు చెప్పడానికి దాని దగ్గర ఏమీ మిగలకపోయాకే ఆన్‌లైన్ దాన్ని పడగొట్టింది. టోక్యో అకిహాబారాలో యుద్ధానంతర కాలం నుంచీ నడిచిన రేడియో స్టోర్ సముదాయం కూడా 2013లో మూతపడింది. పునాది కదిలిన ఇంటి మీద పడిన చివరి వాన ఆన్‌లైన్.

ఆ చివరి దెబ్బ ఎలా తగులుతుందో అర్థశాస్త్రంలో పాత విషయమే. అమ్మకంతో పాటు సలహా కూడా ఇచ్చే దుకాణం ఆ సలహా ఖర్చును సరుకు ధరలోనే కలుపుకుంటుంది. సలహా ఒకచోట తీసుకుని, అది ఇవ్వని మరోచోట చౌకగా కొనుక్కోవడం మొదలైతే, సలహా ఇచ్చేవాడే ముందు మునుగుతాడు. ఆ తర్వాత అది ఎవరికీ దొరకదు. అమెరికన్ ఆర్థికవేత్త లెస్టర్ టెల్సర్ 1960లో రాసిన వ్యాసంలో ఈ తర్కాన్ని విప్పి చూపించారు. పార్టుల కొట్టుకు ఇది మరీ కచ్చితంగా వర్తిస్తుంది, ఎందుకంటే ఇక్కడ సరుకు రూపాయిల్లో ఉంటుంది, సలహా ఏళ్ళ అనుభవంలోంచి వస్తుంది. ఆ రెండింటినీ ఒకే ధరలో ఇమిడ్చే లెక్క ఎప్పుడూ బలహీనమైనదే.

ఇక్కడ వచ్చే బలమైన అభ్యంతరం చిన్న ఊళ్ళది. పార్వతీపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న పిల్లవాడికి గుజరాతీ గల్లీ ఎప్పుడు అందుబాటులో ఉంది? ఒక్క ఐసీ కోసం రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన దూరాన్ని ఆన్‌లైన్ చెరిపేసింది. ఇది నిజం, పెద్ద మేలు. కోఠికి అరగంట దూరంలో ఉన్నవాళ్ళకు దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు లేదు. ముప్పై రకాల రెసిస్టర్లు కలిపి ఒక పెట్టెలో పంపే పద్ధతి కూడా కొత్తవాళ్ళకు నిజంగా పనికొస్తుంది. అయితే ఆ ఊళ్ళల్లోనూ మెకానిక్ బల్ల ఒకటి ఉండేది, దాని సొరుగులో నగరం నుంచి తెచ్చిన పార్టులుండేవి, అడిగితే చెప్పే మనిషి ఉండేవాడు. ఆన్‌లైన్ ఆ సొరుగును వెయ్యింతలు చేసింది. బల్ల వెనక మనిషి చోటు ఖాళీగానే ఉంది. చిన్న ఊరికి సగం న్యాయం జరిగిందని నేనంటాను, మిగతా సగం కూడా అడగమంటాను.

దూరం నుంచి అమ్మేవాడు నేర్పలేడని కూడా నేను అనడం లేదు. అందుకు ఎదురు సాక్ష్యం చరిత్రలోనే ఉంది. అమెరికాలో హీత్‌కిట్ కంపెనీ 1947లో, యుద్ధంలో మిగిలిపోయిన పార్టులతో ఆసిలోస్కోప్ కిట్‌ను పోస్టులో పంపడం మొదలుపెట్టింది. దాని మాన్యువల్‌లో ఏ తీగ ఎక్కడ అతకాలో ఒక్కొక్క మెట్టుగా రాసి, పూర్తయిన మెట్టు పక్కన టిక్కు పెట్టుకోవడానికి ఖాళీ వదిలేవారు. దేశాలు దాటి ఒక తరమంతా ఆ కిట్ల మీదే టంకం వేయడం నేర్చుకుంది. 1992లో ఆ వ్యాపారం నిలిపేశారు. బ్రిటన్‌లో 2018లో కుప్పకూలిన మాప్లిన్ దుకాణాల గొలుసు కూడా 1972లో పోస్టు వ్యాపారంగానే పుట్టింది. న్యూయార్క్ కేంద్రంగా నడిచే ఏడాఫ్రూట్‌ను లిమోర్ ఫ్రీడ్ 2005లో మొదలుపెట్టారు. అది అమ్మేది ఆన్‌లైన్‌లోనే, కానీ అమ్మే బోర్డులకు పాఠాలు రాసి ఉచితంగా అందిస్తుంది. కాబట్టి గీత గీయాల్సింది ఆన్‌లైన్‌కూ వీధికీ మధ్య కాదు. తాను అమ్మేది తెలిసి అమ్మేవాడు ఒకవైపు, ఏమీ తెలియకుండా అన్నీ అమ్మే వేదిక మరోవైపు. రెండోది మొదటివాడిని ధరతో తోసేస్తోంది, అదీ నా అభ్యంతరం.

యూట్యూబ్ ఉంది కదా అంటారు. ఉంది, ఏ కొట్టూ చెప్పలేనన్ని సర్క్యూట్లు విప్పి చూపిస్తోంది. కానీ వీడియోలో సర్క్యూట్ ఎప్పుడూ పనిచేస్తుంది. కొత్తవాడి సర్క్యూట్ పనిచేయదు. టంకం సరిగా కరగక కీలు వదులైందో, డయోడ్ తిరగబడిందో, కెపాసిటర్ ధ్రువాలు మారాయో చెప్పాలంటే అతని బోర్డును చూసే కన్ను కావాలి.

ఆడపిల్లల సంగతి అంత తేలిగ్గా పక్కన పెట్టగలిగేది కాదు. ఈ గల్లీలు అచ్చంగా మగవాళ్ళ లోకాలుగా నడిచాయి. కౌంటర్ ముందు నిలబడి రెండు ప్రశ్నలు అడగడం అమ్మాయిలకు చాలాచోట్ల సులువు కాలేదు. ‘ఎవరికోసం తీసుకుంటున్నావమ్మా?’ అని అడిగే కొట్టు ఆ అమ్మాయిని మళ్ళీ రానివ్వదు. ఫోన్ తెర ఆ ప్రశ్న అడగదు. కొట్లు బతకాలని కోరేవాళ్ళం ఈ లోపాన్ని ముందు ఒప్పుకోవాలి, కొట్లు దాన్ని దిద్దుకోవాలి. పేరు తెలియనివాడికి అమ్మే కొట్టు అన్న గౌరవం పేరు తెలియని అమ్మాయికి కూడా అమ్మినప్పుడే దానికి చెల్లుతుంది.

హాబీయే కదా, పోతే ఏం పోయింది అనేవాళ్ళకు హైదరాబాద్ నుంచే జవాబుంది. 1983లో ఇక్కడ నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో రేడియోలు పెట్టుకుని ఉంది. అది హాబీ యాత్ర. 26న సునామీ వచ్చి మామూలు సంబంధాలు తెగినప్పుడు అండమాన్ కబుర్లు బయటి ప్రపంచానికి చేరవేసిన దారుల్లో ఆ హామ్ రేడియోలు ఒకటయ్యాయి. తీగలు, యాంటెన్నాలు చేత్తో పట్టి నేర్చుకున్న విద్య ఎప్పుడు అక్కరకొస్తుందో ముందే లెక్కగట్టలేం.

ప్రభుత్వం ఈ అవసరాన్ని గుర్తించకపోలేదు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో 10 వేల బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెట్టారు, ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో 2023లో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం తెరుచుకుంది. మంచి పనులే. కానీ ల్యాబులకు సామాను ఎక్కువగా ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్ మీదుగా, కట్టలు కట్టలుగా, పేర్ల జాబితా ప్రకారం వస్తుంది. జాబితా రాసేది పెద్దలు. పిల్లవాడు కాలిన పార్టు చేత పట్టుకుని ‘ఇదేమిటి, దీని బదులు ఏది?’ అని అడిగే సందర్భం అందులో లేదు. నిర్వహణ డబ్బులో చిన్న వాటాను ఊళ్ళోని, లేదా దగ్గరి పట్టణంలోని పార్టుల కొట్లో, మెకానిక్ దగ్గరో విద్యార్థులే వెళ్ళి బిల్లు మీద ఖర్చు పెట్టుకునే వీలు కల్పించాలి. పాలిటెక్నిక్‌లు, ఇంజినీరింగ్ కాలేజీలు తమ ల్యాబ్ కొనుగోళ్ళలో కొంత ఇలాగే మళ్ళించవచ్చు. మెకానిక్ ఖాళీ చేసిన పునాదిలోకి రాగల బరువైన ఖాతాదారులు ఇప్పుడు ఈ సంస్థలే. కొట్లు కూడా సలహాను ఉచితంగా పంచి, నష్టాన్ని రెసిస్టర్ ధరలో దాచే పద్ధతి మానాలి. బోర్డు చూసి లోపం చెప్పడానికి ఇంత, పార్టు పరీక్షించి ఇవ్వడానికి ఇంత అని ధర రాసి గోడకు తగిలించాలి. ఆన్‌లైన్‌లో కొన్న పార్టు తెచ్చి అడిగినవాడి దగ్గర కూడా అదే రుసుము తీసుకుని, అంతే ఓపికగా చెప్పాలి.