మూడు తాళాల పెట్టె

చిన్న రేకు పెట్టె. దానికి మూడు గొళ్లేలు, మూడు తాళంకప్పలు. పెట్టె ఒకరింట్లో ఉంటే తాళంచెవులు వేరే ముగ్గురి దగ్గర. ఆ ముగ్గురూ పొదుపు సంఘం కమిటీలో లేనివాళ్లే కావాలి. డబ్బు దొంగచాటుగా తీయాలంటే నలుగురు కూడబలుక్కోవాలన్నమాట. పల్లెలో నలుగురికి తెలిసిన గుట్టు ఎన్నాళ్లు దాగుతుంది?

1991లో నైజర్ దేశపు మరాడీ ప్రాంతంలో కేర్ సంస్థ మొదలుపెట్టిన మహిళల పొదుపు సంఘాల నుంచి పెరిగిన పద్ధతి ఇది. హౌసా భాషలో వాటి పేరు ‘మాతా మాసు దుబారా’. మన చెవికి దుబారా అంటే వృథా ఖర్చు. అక్కడ దాని అర్థం ఉపాయం. ఉపాయం తెలిసిన ఆడవాళ్లన్నమాట. బ్యాంకు దూరం, చదువు తక్కువ, బయటి పెట్టుబడి లేనే లేదు. సభ్యుల డబ్బే పొదుపు, అదే అప్పు.

నన్ను కట్టిపడేసింది మాత్రం పాస్‌బుక్. తర్వాతి కాలంలో వచ్చిందది. అందులో అంకెలకు బదులు ముద్రలుంటాయి. ఒక్కో సమావేశానికి ఒక్కో వరస, వరసకు ఐదు గళ్లు. ఒక వాటాకు ఒక ముద్ర. ఒకటి నుంచి ఐదు దాకా ఎన్నయినా కొనొచ్చు. తన నంబరు పిలవగానే సభ్యురాలు లేచి డబ్బిస్తుంది. ఇద్దరు అందరికీ వినపడేలా లెక్కపెడతారు. మూడు వాటాలు కొంటే మూడు ముద్రలు పడతాయి, మిగిలిన రెండు గళ్ల మీద అక్కడే గీత కొట్టేస్తారు. ఆ గీతే అసలు పనితనం. ఖాళీ గడి వదిలితే ఎవరో ఒకరు తర్వాత ముద్ర వేసుకోవచ్చు మరి! పుస్తకాలు కూడా ఇళ్లకు పోవు, డబ్బుతోపాటే పెట్టెలోకి వెళ్తాయి. మన డ్వాక్రా సంఘాల లెక్క రాసేవాళ్ల చేతిలో ఉంటుంది. ఈ పద్ధతిలో అక్షరం రానివాళ్లు కూడా తమ ముద్రలు తామే లెక్కపెట్టుకుంటారు.

పొదుపు కాక, ఆపదల కోసం వేరే నిధి ఒకటి ఉంటుంది. దాని లెక్కయితే నోటి మీదే. లేచేముందు నిల్వ ఎంతో చెబుతారు, అందరూ గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి సమావేశంలో పెట్టె తెరిచాక, లెక్కపెట్టకముందే ఆ మొత్తం ఎంతో సభ్యులే చెప్పాలి.

లోపం లేకపోలేదు. ఏడాది చివర అప్పులన్నీ వసూలయ్యేసరికి పెట్టె బరువెక్కుతుంది. దొంగల భయం అప్పుడే. మిగతా రోజుల్లో డబ్బు చాలావరకు అప్పుల్లో తిరుగుతుంటుంది కాబట్టి పెట్టె తేలిక.

ఏడాది చివరి పంపకం రోజున వడ్డీతో సహా ఉన్న మొత్తాన్ని ముద్రల సంఖ్యతో భాగిస్తారు. ఎవరి ముద్రలకు తగ్గ డబ్బు వాళ్లకు ముట్టాక, పుస్తకంలో నిండిన పేజీల మీద పెద్ద అడ్డగీతలు పడతాయి. కొత్త ఏడాదికి ముద్ర విలువ ఎంత పెట్టాలన్న వాదన ఆ ఖాళీ పెట్టె ముందే మొదలవుతుంది.