మోకు పట్టిన చేయి

పడవ సాగిపోవుచుండగా గట్టున నిలిచి చూచి ముచ్చటపడువారు పెక్కుమంది గాని, అది రేవు చేరి ఆగునప్పుడు దానిని పట్టి కట్టువాని చేతులవంక చూచువారు అరుదు. పడవవిద్యలో నడుపుట సగమైనచో నిలుపుట తక్కిన సగము. ఆ రెండవ సగమే కష్టతరమను సంగతి, మాదాపూరున దుర్గం చెరువు గట్టుపై సాయంకాలము షికారు చేయు అలవాటుగల నాకు క్రమముగా బోధపడినది.

ఒకప్పుడు గోలకొండ కోటకు త్రాగునీరందించిన ఆ చెరువుపై 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైనది మొదలు, సెల్ఫీలకై వచ్చు జనమునకు అంతులేదు. ఆఫీసు విడిచి, మెడలోని ఐడీ కార్డునైనను తీయక పెడల్ బోటెక్కిన యువతీయువకులు తొక్కి తొక్కి అలసి తిరిగి వచ్చు వేళ, రేవునందలి పనివాడు, బోటు బారెడు దూరమున నుండగనే కొక్కెపు కర్రతో దాని అంచునందుకొని, వడిగా లాగక, దాని వేగమును మెల్లగా హరించి, ప్రక్కకు త్రిప్పి, ఒక పాదముతో అంచును త్రొక్కిపట్టి, త్రాటిని గుంజకు రెండు చుట్లు చుట్టిన పిమ్మటగాని ఎవరిని లేవనీయడు. తొందరపడి నిలువబోయిన వానిని “కూర్చోండి సార్, ఇంకా కట్టలేదు” అని వారించును. ఆ మాట అనగలుగుట అతని ఉద్యోగములో ముఖ్యభాగము.

అయినను అది నిలువ నీరు. ఎక్కిన చోటనే దిగు విహారము. ఈ విద్యకు అసలైన పరీక్ష పారునీటియందు, అందును మన డెల్టా కాలువలయందు జరిగినది. 1847లో ఆరంభించి 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన కాటను దొర, రైలుకంటె జలమార్గమే చవుకయని పట్టుబట్టి వాదించినవాడగుటచే, కాలువలు పొలము తడుపుటతో తృప్తిపడక పడవలను గూడ మోయవలెనని తలచెను. ధవళేశ్వరమునుండి కాకినాడకును, విజ్జేశ్వరమునుండి ఏలూరు మీదుగా బెజవాడకును, అటనుండి కొమ్మమూరు కాలువ వెంట పెదగంజామునకును, ఆపైని బకింగ్‌హాము కాలువ ననుసరించి మద్రాసునకును సరుకుల పడవలు సాగెను. గాలి యున్నచో తెరచాప, లేనిచో గడకర్ర. రెండును చాలనిచో గట్టువెంట మనుష్యులే త్రాడు భుజమున వేసికొని లాగిరి. 1899లో బెజవాడ–మద్రాసు రైలుదారి ఏర్పడిన పిమ్మట ఈ రాకపోకలు సన్నగిల్లినవి గాని, వెంటనే అంతరింపలేదు.

పడవ కట్టువాని నేర్పు లాకు వద్ద తేటపడును. లాకనగా రెండు జతల తలుపుల నడుమ కట్టిన రాతి తొట్టి. ఎగువనుండి వచ్చిన పడవ లోనికి చొచ్చిన పిమ్మట వెనుక తలుపులు మూసి, దిగువ తూములను కొద్దికొద్దిగా తెరువగా, తొట్టిలోని నీరు తగ్గుచు పడవయు దానితో దిగును. అప్పుడు మోకును గట్టుమీది గుంజకు బిగించి ముడివేసి ఏమరినచో, నీరు దిగిపోయి పడవ త్రాటిపై వ్రేలాడి, ఒరిగి, సరుకంతయు నీటిపాలగును. కట్టక విడిచినచో సుడులకు లోనై గోడల నొరసికొని అంచులు చిట్లును. కనుక ఎరిగినవాడు ముడివేయడు. గుంజకు ఒక్క చుట్టు చుట్టి, కొనను చేతబట్టి, నీరు జానెడు దిగిన జానెడు, మూరెడు దిగిన మూరెడు వదలుచుండును. బరువైన పడవను ఒక్క మనిషి నిలుపగలుగుట భుజబలముచేత గాదు, కొయ్యకును త్రాటికిని నడుమ పుట్టు ఒరపిడిచేత.

రేవున రాత్రి నిలుపునప్పటి పద్ధతి వేరు. అణియమును, అనగా పడవ ముందుకొనను, ఎగువకు త్రిప్పి, అక్కడ నొకటియు వెనుకకొనయగు అమరమున నొకటియు మోకులు కట్టి, తెల్లవారులోగా తూములు తెరచినను మూసినను నీటిమట్టము మారునంత మేర వదులుంచవలెను. మిక్కిలి బిగించినది తెగును. మిక్కిలి వదలినది కొట్టుకొనిపోయి వచ్చు పోవు పడవల కడ్డమగును. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పడవ బురదలో కూర్చుండవలసినదే. పలకల మరమ్మతుకు అదియే అదను.

2008లో కాకినాడనుండి పుదుచ్చేరి వరకు గల ఈ కాలువలను, గోదావరీ కృష్ణానదుల కొన్ని భాగములతో కలిపి, 1,078 కిలోమీటర్ల నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. పాత రేవుల పునరుద్ధరణ ప్రసంగము వచ్చినప్పుడెల్ల రంగుదీపములు, ఫుడ్ కోర్టు, ఊరిపేరుతో నిలువెత్తు అక్షరములు మన కన్నుల యెదుట మెదలును. నేనడుగునవి వేరు: నీరెంత తగ్గినను కాలు మోపగల మెట్లున్నవా? మోకు నిలుపగల గుంజలున్నవా? లాకు వద్ద వంతుకై వేచియుండు పడవలకు చోటున్నదా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగిన నాడు గోదావరి వరదలో నుండెను. రేవులలో కంట్రోల్ రూములు ఆ ఘోరము పిమ్మటనే వెలసినవి. మోకు ఎప్పుడు విప్పరాదో ఎరుగుట కట్టుటలో భాగమే గదా. ఏలూరు కాలువ రేవులకు మరల బోట్లు వచ్చు దినమే వచ్చినచో, శిలాఫలకమునకు ముందు గుంజను నాటుదురు గాక. టిక్కెట్లు అమ్మువానికంటె ముందు, “ఈ పూట విప్పను” అని ఎంతటివారికైనను చెప్పగల మనిషిని నియమింతురు గాక.