పరభాషా బోధనలో సంస్కృతి స్థానము: అమెరికా ఉన్నత పాఠశాలల పాఠ్యక్రమముపై ఒక విమర్శ

పరభాషాభ్యాసమునకు ప్రయోజనములు రెండు. ఒకటి వ్యవహారము, రెండవది ఆ భాష మాటలాడు జనుల హృదయమును తెలిసికొనుట. బజారులో బేరమాడుటకును, రైలుబండి వేళలు అడిగి తెలిసికొనుటకును కొలదిపాటి పదసంపద చాలును. ఒక జాతి దేనికి నవ్వునో, దేనికి కంట తడి పెట్టునో, పెద్దల యెదుట ఏ మాట పలుకక మానునో తెలియుటకు మాత్రము ఆ సంపద చాలదు. ఈ రెండవ ప్రయోజనమును పదునారు, పదునేడు సంవత్సరముల విద్యార్థులకు పాఠశాలలోనే ఎంతవరకు సాధించి పెట్టవచ్చును? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు చెప్పిన సమాధానము పరిశీలింపదగి యున్నది. స్వభాషా ప్రాంతమునకు వెలుపల తరతరములుగా స్థిరపడి, పిల్లలకు తెలుగు నేర్పుకొనుచున్న కుటుంబములకు ఈ పరిశీలన కేవలము విదేశ వార్త కాదు.

ఉన్నత పాఠశాలలో నుండగనే కళాశాల స్థాయి చదువును చదివి, దాని పరీక్షకు కూర్చుండుటకు వీలు కల్పించు ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ అను ఏర్పాటు ఆ దేశమున కలదు. 1955లో ఇది కాలేజీ బోర్డు నిర్వహణలోనికి వచ్చినది. ప్రతి సంవత్సరము మే నెలలో పరీక్షలు జరుగును. ఫలితము 1 మొదలు 5 వరకు గల అంకెలలో తెలుపబడును. ఇందలి భాషా పరీక్షలు తొలుత ‘భాష’ అనియు ‘సాహిత్యము’ అనియు వేరువేరుగా నుండెడివి. 2007లో మొదటిసారి పరీక్షలు జరిగిన చైనా, జపాను భాషలకు ‘భాష – సంస్కృతి’ అను జంట పేరు పెట్టబడినది. ఫ్రెంచి, జర్మను భాషలకు 2011-12 విద్యా సంవత్సరమునను, స్పానిషు భాషకు 2013-14లోను పాఠ్యక్రమములు తిరిగి రచింపబడి, ఆ జంట పేరే స్థిరపడినది.

ఈ మార్పునకు వెనుక 1996లో వెలువడిన జాతీయ ప్రమాణములున్నవి. సంస్కృతి యనగా ఒక జాతి నిర్మించుకొన్న వస్తువులు, పాటించు ఆచరణలు, ఆ రెంటికిని మూలమైన దృక్పథములు అని ఆ ప్రమాణములు మూడుగా విభజించినవి. ఈ విభాగము సమంజసమైనది. సంక్రాంతి ముగ్గు వస్తువు. తెల్లవారుజామున ఆడువారు వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుట ఆచరణ. వాకిలి శుభ్రముగా నున్న ఇంటికే లక్ష్మి వచ్చునన్న నమ్మకము దృక్పథము. మొదటి రెండును కంటికి కనిపించును. మూడవది కనిపించదు, అదియే అన్నిటికిని మూలము.

ఫ్రెంచి, జర్మను భాషలకు అప్పుడు రూపొందిన పరీక్షలోని గుణములను మొదట చెప్పుట న్యాయము. క్రియారూపములను వల్లించుట, వాక్యములను ముక్కకు ముక్కగా అనువదించుట అను పాత పద్ధతికి ఇందు చోటు లేదు. విద్యార్థి ఒక ఉత్తరమునకు మర్యాదగా ప్రత్యుత్తరము వ్రాయవలెను. ఒక వ్యాసమును చదివి, ఒక పట్టికను చూచి, ఒక ప్రసంగమును విని, మూడింటిని ఆధారముగా గొని తన వాదమును నిరూపింపవలెను. సంభాషణలో అయిదు మారులు, మారునకు ఇరువది సెకనుల చొప్పున బదులు పలుకవలెను. ఫ్రెంచి ఉత్తరములో చనువుగా పిలుచు సర్వనామము వాడినవాడు తప్పు చేసినట్లే. గౌరవ సర్వనామమునే వాడవలెను. ‘నీవు’, ‘మీరు’ల భేదము తెలిసిన తెలుగువారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వ్యాకరణము, మర్యాద ఒకే మాటలో కలిసియుండు నని బాలునకు బోధించిన పరీక్ష మెచ్చదగినది.

సంస్కృతి విషయమున మాత్రము ఈ పరీక్ష తన పేరునకు తగినంత ఎత్తున లేదు. అందు సాంస్కృతిక తులన అను భాగము కలదు. తన సమాజమును, ఆ భాషా సమాజమును ఒక విషయమున పోల్చి ప్రసంగింపవలెను. సిద్ధపడుటకు నాలుగు నిమిషములు, ప్రసంగమునకు రెండు నిమిషములు! రెండు నిమిషములలో బాలుడు ఏమి చెప్పగలడు? ఫ్రాన్సులో భోజనము తీరికగా సాగును, మా ఊరిలో త్వరగా ముగియును అని చెప్పును. అది చూచిన సంగతి. తెలిసికొన్న సంగతి కాదు. ఆచరణ యొద్దనే ప్రసంగము ఆగిపోవును, దృక్పథము వరకు పోదు. ఒక జాతినంతటిని ఒక వాక్యములో ముడివేసి చెప్పు అలవాటు కూడ ఇట్టి తొందరలోనే పుట్టును. చైనా, జపాను పరీక్షలలో మరియొక లోపము కలదు. వ్రాత యంతయు యంత్రముపై అచ్చొత్తుటయే. చిత్రలిపిని కుంచెతో దిద్దుట ఒక కళగా వేల సంవత్సరములు సాగిన సంస్కృతికి, చేతివ్రాతను కోరని పరీక్ష వెలితి గలదియే యగును.

దృక్పథమును తెలుపునది ఏది? మూడు మార్గములు తోచును: ఆ జనుల నడుమ చిరకాలము నివసించుట, వారి చరిత్రను చదువుట, వారి సాహిత్యమును చదువుట. మొదటిది పాఠశాలకు సాధ్యము కాదు. రెండవది మరియొక తరగతి పని. భాషా తరగతికి మిగిలినది సాహిత్యము. ఇందుకు తార్కాణము తెలుగునాటనే కలదు. కడపకు 1820లో ఉద్యోగరీత్యా వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కచేరీ పనులకు వలసిన తెలుగుతో తృప్తిపడియుండిన, నేడాతని పేరు తలచువారుండరు. ఆయన వేమన పద్యములను సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. కావ్యముల ప్రతులను వెదకించి పరిష్కరింపజేసెను. నిఘంటువు 1852లో వెలువడినది, ఆ పఠనము తరువాతనే. పరభాషీయుడు ఈ జాతి మనస్సులోనికి ప్రవేశించిన ద్వారము పద్యము.

అమెరికా పాఠ్యక్రమమున ఈ ద్వారమే చాలవరకు మూయబడినది. ఫ్రెంచి సాహిత్య పరీక్ష, లాటిను సాహిత్య పరీక్ష 2009 మే తరువాత నిలిపివేయబడునని 2008లో ప్రకటన వెలువడినది. సాహిత్యము బాలురకు తగదని ఎవ్వరును వాదింపలేదు. పరీక్షకు వచ్చువారి సంఖ్య తక్కువ, వ్యయము ఎక్కువ అనునదియే కారణము. స్పానిషునకు విద్యార్థులు మిక్కుటముగా నుండుటచే దాని సాహిత్య పరీక్ష నిలిచినది. అంతియే కాక, 2012-13లో అది 38 రచనల పట్టికతో క్రొత్తరూపు దాల్చినది. సెర్వాంటెస్, లోర్కా, బోర్హెస్, గార్సియా మార్కెజ్ మున్నగువారి రచనలందున్నవి. స్పానిషు బాలునకు దొరికిన ఈ భాగ్యము ఫ్రెంచి బాలునకు దక్కలేదు. భాషా తరగతిలోనే కథలు, పద్యములు చెప్పవచ్చును గదా యని యందురు. చెప్పవచ్చును, చెప్పు ఉపాధ్యాయులున్నారు. కాని పరీక్ష దగ్గరపడిన కొలది, విధిగా కోరబడని పాఠమే ముందు జారిపోవును. అంతర్జాతీయ బాకలారియేటు వారు ఈ కిటుకును గ్రహించిరి. వారి ‘భాష – బి’ ఉన్నత స్థాయిలో ఆ భాషలోనే పుట్టిన రెండు సాహిత్య రచనలను చదువుట విధి. రెండు రచనలు కొంచెమే. ఐనను ఆ కొంచెము తప్పించుకొనరానిది.

ఇటాలియను భాష కథ ఇంకను ఆలోచింపదగినది. దాని పరీక్ష 2006లో మొదలైనది. చాలినంత మంది విద్యార్థులు రానందున 2009 తరువాత ఆగినది. అమెరికాలో స్థిరపడిన ఇటలీ సంతతివారు దానితో ఊరకుండలేదు. వారి సంఘములు ధనము కూర్చినవి. ఇటలీ ప్రభుత్వము చేయూత నిచ్చినది. 2010లో పునరుద్ధరణ ప్రకటింపబడి, 2012 మే నెలలో పరీక్ష మరల జరిగినది. దాంతే పుట్టిన భాషకు గొప్పతనము కరవు కాదు. ఆ గొప్పతనమొకటే పరీక్షను నిలుపలేదు. బల్లలపై కూర్చుండు పిల్లలు, వారిని పంపు తల్లిదండ్రులు, వ్యయము భరించు సంఘములు కలిసినప్పుడే అది నిలిచినది.

ఇంట ఆ భాషను మాటలాడు, లేదా వినుచుండు విద్యార్థులను వేరుపరచి, తక్కినవారి ఫలితములను ప్రత్యేకముగా చూపు పద్ధతి కాలేజీ బోర్డు లెక్కలలో కలదు. ఇంటి భాషగా నేర్చినవాడును, తరగతిలో మాత్రమే నేర్చినవాడును ఒక తూకమునకు రారని దీని భావము. హోసూరులో, బళ్ళారిలో, బరంపురములో ఇంట తెలుగు పలుకుచు బడిలో వేరొక లిపి దిద్దు పిల్లల స్థితి ఈ రెంటికిని నడుమ నున్నది. నాలుకపై తెలుగున్నది, కంటికి తెలుగు అలవాటు కాలేదు. అట్టివారికి ‘నీ పేరేమి’ మొదలుగా గల సంభాషణ పాఠములు అవమానమువలె తోచును. ప్రబంధము మోయలేని బరువగును. వారికి వలసినది చదువుట, ఎదుగు వయస్సునకు తగిన కథ, శతకము, నాటకము, నవల.

కావున ఈ పాఠ్యక్రమము నుండి గ్రహింపవలసినవి, విడువవలసినవి రెండును కలవు. విని, చదివి, తన మాటగా తిరిగి చెప్పగల శక్తిని పరీక్షించు పద్ధతి గ్రహింపదగినది. సంస్కృతి యనిన పండుగలు, వంటలు, వేషములు అని సరిపెట్టు పద్ధతి విడువదగినది. ఉగాది నాడు పిల్లలచేత గేయము పాడించి, పచ్చడి పంచి, తెలుగు నిలిచినదని సంతసించు సంఘములు ఈ లోపమునే తమ యింట పెంచుచున్నవని గుర్తింపవలెను. పచ్చడి రుచి నాలుకకు ఆనాడే తెలియును. షడ్రుచులు జీవితమునకు ఎట్లు సంకేతములైనవో తెలియుటకు పుస్తకము విప్పవలెను. ఏటేట నలుగురు పిల్లలైనను ఒక తెలుగు గ్రంథమును ఆసాంతము చదివి, దానిపై తెలుగున మాటలాడగలిగినచో, ఆ ఊరిలో తెలుగు చదువునకు పునాది పడినట్లే.