పెళ్లి నిడివికి బిట్ల లెక్క

కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీదున్న మధిర లాంటి ఊళ్లలో పెళ్లి వీడియో అంటే స్నాతకం నుంచి అప్పగింతల దాకా అన్నీ ఉండాల్సిందే. గంటలు పెరుగుతాయి, డిస్కు పెరగదు. ఆ రెంటికీ పొత్తు కుదిర్చే లెక్కను చిన్న ప్రోగ్రాముగా రాసిపెట్టుకున్న మిక్సింగ్ కుర్రాడి పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది.

సూత్రం ఒక్కటే: డిస్కులో పట్టే బిట్లను సెకన్లతో భాగించాలి. మామూలు డీవీడీలో 470 కోట్ల బైట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు. 3 గంటల పెళ్లికి 10,800 సెకన్లు. సెకనుకు దాదాపు 3,480 కిలోబిట్లు వస్తాయి. మేళానికీ మంత్రాలకూ 192 తీసేస్తే మిగిలినదంతా బొమ్మకు. అదే 4 గంటలకు సాగదీస్తే మొత్తం 2,611కు పడిపోతుంది. తలంబ్రాలు పోసే చోట గింజలు గళ్లుగళ్లుగా చెదిరిపోయే ప్రమాదం.

అసలు నేర్పు మరోచోట ఉంది. 4.7 జీబీ డిస్కును కంప్యూటర్ 4.37గా చూపిస్తుంది, 1000కి బదులు 1024తో లెక్కిస్తుంది కాబట్టి. ఈ రెండూ కలగలిస్తే ఫైలు 7 శాతం పెద్దదై, రాత్రంతా రెండర్ చేసిన వీడియో డిస్కులో పట్టదు. మంచి ప్రోగ్రాము మెనూకు కాస్త చోటు వదులుతుంది. పొరపాటున సున్నా నిమిషాలు కొడితే భాగించకుండా ఆగి, మళ్లీ అడుగుతుంది.

ఇప్పుడు పెన్‌డ్రైవులొచ్చాయి. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసినవాటిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లిని ఏ ఘట్టం దగ్గర రెండు ముక్కలు చేయాలో తేల్చుకోవడానికీ ఆ ప్రోగ్రామే అక్కరకొస్తోంది.