పుస్తకం మూసి చెప్పు

హైలైటర్ పెన్ను మీద నా కోపం పాత పాఠకులకు కొత్త కాదు. ఈ ఆదివారం అది మళ్లీ లేచింది. సిద్దిపేటలో మా చెల్లె ఇంటికి పోతే, ఎంఏ సోషియాలజీ చదువుతున్న మేనకోడలు ఎస్‌.సి. దూబే 'ఇండియన్ విలేజ్' జిరాక్స్ ముందేసుకొని కూర్చుంది. పండుగకు కడపలకు పూసినట్టు పేజీ పేజీకీ పసుపు.

"మూసి చెప్పు బిడ్డా, ఏం రాసిండు?"

బిడ్డకు నోరు పెగల్లేదు. నాకు హుషారొచ్చింది. రోడిగర్, కార్పికే అమెరికాలో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగం చెప్పాను. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే, చదివింది చూడకుండా రాసి చూసుకున్నవాళ్లు గెలిచారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎం.ఎన్‌. శ్రీనివాస్ ముచ్చట కూడా తీశాను. కర్ణాటకలోని రాంపుర మీద ఆయన తయారుచేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో కాలిపోతే, జ్ఞాపకం మీదనే పుస్తకం రాసి 1976లో అచ్చు వేయించాడు. చూశావా, నోట్సుతో పనేముంది?

"ఆ కాలిన నోట్సు ఎన్నేండ్లు రాసుకున్నడు మామా?"

ఆయన ఆ ఊరికి పోయింది 1948లో. అంటే మంటల నాటికి ఇరవై రెండేండ్లు. రాసి, విడదీసి, మళ్లీ పేర్చుకున్న ఊరు కాగితాలతో పాటు కాలుతుందా? నేను పిలిచిన సాక్షి అవతలి పక్షాన నిలబడ్డాడు.

చెల్లె చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తోంది. తలెత్తకుండానే, "నాకు జెప్పరాదే. ఏ ఊరట?"

"శామీర్‌పేటమ్మా."

"మన పట్నం బస్సు పోయే శామీర్‌పేటనా?" కత్తెర ఆగింది.

కొమురవెల్లిలో మల్లన్న కథ చెప్పే ఒగ్గోళ్ల చేతిలో పుస్తకముండదు గానీ పక్కన వంత ఉంటాడు. అతడు 'ఆఁ' అంటుంటేనే కథ నడుస్తది. ఇక్కడా నడిచింది. కుమ్మరి, సాకలి, మంగలి పనిజేస్తే పంటలప్పుడు గింజలు కొలిచేటోళ్లని బిడ్డ చూడకుండానే చెప్పింది.

"మా నాయిన గూడ గట్లనే గొలిచేటోడు. మరి కాలం గాకపోతే ఏమిచ్చేటోళ్లట?"

బిడ్డ ఆగింది. జిరాక్స్ తెరిచి, ఆ పసుపు గీతల మధ్య వెతకసాగింది. నేనేదో చెప్పబోయాను.

"నువ్వు జర ఊకో అన్నా. దాన్ని సూడనియ్యి."